మూకుడు మానేసి పునుగులు

సాయంత్రం పునుగులు లేకపోతే మా మామయ్యగారికి పొద్దు గడవదు. డాక్టరు నూనె తగ్గించమన్నాక మూకుడు అటకెక్కింది, గుంత పొంగనాల పెనం పొయ్యెక్కింది.

ఉత్త దోసెల పిండి పోస్తే మెత్తగా ఇడ్లీల్లా వచ్చాయి. ఆయన ఒకటి తిని పళ్లెం పక్కన పెట్టేశారు. పులిసిన పిండిలో గుప్పెడు బొంబాయి రవ్వ కలిపి పావుగంట నాననిచ్చాక కుదిరింది. పిండి గరిటె నుంచి జారకూడదు, ముద్దగా పడాలి. గుంతకి పావు చెంచా నూనె, సన్నసెగ, మూత. అంచులు ఎర్రబడగానే తిరగేసి మూత తీసెయ్యాలి. ఆవిరి పోతేనే పైన కరకరలాడతాయి. ఏడు గుంతలకీ కలిపి రెండు టీస్పూన్ల లోపే నూనె, అంటే సుమారు 80 కేలరీలు.

అసలు దొంగ పల్లీ చట్నీ! 100 గ్రాముల పల్లీల్లోనే 560 కేలరీల పైమాట. అందుకే సగం పల్లీలు తగ్గించి, ఆ మేరకు బీరకాయ తొక్కు మగ్గించి రుబ్బుతున్నా. కాస్త చింతపండు ఎక్కువ పడాలి, లేకపోతే చప్పిడిగా ఉంటుంది.

నూనెలో వేగిన పునుగు రుచి వేరు, కాదనను. అది పండక్కి.