హెచ్ఐవీ పరీక్షకు ముందు సమ్మతి ఎలా తీసుకోవాలి?

పరీక్ష చేయడం చాలా తేలిక. వేలి కొన మీద గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తే చాలు, ర్యాపిడ్ కిట్లలో దాదాపు అరగంటలోపే ఫలితం వచ్చేస్తుంది. పని చెడేదల్లా ఆ చుక్క తీయడానికి ముందు, తీసిన తర్వాత. కౌన్సెలింగ్ చేసేవాళ్లు, రక్తం తీసేవాళ్లు, ఇంట్లోవాళ్లని పరీక్షకు తీసుకెళ్లేవాళ్లు, ముగ్గురూ చదవాలి.

కావలసినవి: తలుపు వేసుకునే గది, రెండు కుర్చీలు, గడువు దాటని కిట్, తాళం ఉన్న బీరువా. కర్టెన్ కట్టి దాన్నే గది అనకండి, ఇవతల మాట్లాడేదంతా అవతలికి వినిపిస్తుంది. కుర్చీల మధ్య టేబుల్ ఉండకూడదు. మీ ఫోన్ బయటే వదిలేయండి.

వెంట వచ్చినవాళ్లని బయట కూర్చోబెట్టండి. "మా మధ్య దాపరికాలేమీ లేవండి" అంటారు, అయినా సరే. "ఇక్కడ అందరికీ ఇదే పద్ధతి, పది నిమిషాలే" అని చెప్పి తలుపు వేయండి. భార్య పక్కన భర్త నిలబడి ఉంటే ఆమె "వద్దు" అనగలదా?

ఇక సమ్మతి. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. ఫారం ముందుకు తోసి "ఇక్కడో సంతకం పెట్టండి, మామూలు రక్తపరీక్షే" అంటారు. ఆ "మామూలు" అన్న మాటతోనే సమ్మతి చెల్లకుండా పోయింది, ఎందుకంటే ఏ పరీక్షకు ఒప్పుకుంటున్నారో ఆ మనిషికి తెలియదు. నా పద్ధతిలో కాగితం చివర్న వస్తుంది. ముందు మాట. సూటిగా ఇలా చెప్పండి: "మీ రక్తంలో హెచ్ఐవీ ఉందో లేదో చూసే పరీక్ష ఇది. మీరు వద్దంటే చేయం. వద్దన్నందుకు మీ వైద్యం ఆగదు." మూడో వాక్యం నిజం కాకపోతే, అంటే వద్దన్నవాళ్లని పై డాక్టర్ వెనక్కి పంపేస్తాడని మీకు తెలిసి ఉంటే, ముందు వెళ్లి ఆ డాక్టర్‌తో మాట్లాడి రండి, అంతవరకూ ఆ కుర్చీలో కూర్చోకండి.

తల ఊపితే సరిపోదు. భయపడ్డ మనిషి దేనికైనా తల ఊపుతాడు. మీరు చెప్పింది వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించండి. ఆ తర్వాత ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "పాజిటివ్ అని వస్తే ముందు ఎవరికి చెబుతారు?" అడిగాక నోరు మూసుకుని ఆగండి. జవాబు కన్నా ఆ మౌనంలోనే అసలు సంగతి తెలుస్తుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ "ఇంట్లోంచి గెంటేస్తారు" అన్నారనుకోండి, కిట్ తెరవకండి. ఆమె ఎక్కడ ఉండగలదు, ఎవరు అండగా నిలుస్తారు, అదంతా మాట్లాడాకే పరీక్ష, అదీ ఆమె అడిగితేనే. రేపు వస్తానంటే రేపే. అయితే ఒక్క సందర్భంలో రేపటికి వాయిదా పనికిరాదు: వైరస్ సోకే అవకాశం ఉన్న సంఘటన జరిగి 72 గంటలు దాటకపోతే, నివారణ మందులు వెంటనే మొదలుపెట్టించాలి, ప్రతి గంటా లెక్కే.

గర్భిణుల దగ్గర మంచి మనసున్నవాళ్లు కూడా గీత దాటుతారు. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉంటుంది, సరైన మందులతో దాన్ని 5 శాతం కంటే తక్కువకు దించవచ్చు. ఈ సంగతి చెప్పండి, నిదానంగా, రెండుసార్లైనా చెప్పండి. "బిడ్డ మీద ప్రేమ లేదా?" అని మాత్రం అనకండి. అది బెదిరింపు. అలా లొంగదీసి పరీక్ష చేస్తే ఆమె మళ్లీ మీ గడప తొక్కదు, చికిత్స అక్కడే తెగిపోతుంది.

ఆపరేషన్‌కి ముందు రోగికి చెప్పకుండా ఈ పరీక్ష చేసేవాళ్లు "మా సిబ్బంది రక్షణ కోసం" అంటారు. ఈ వాదన నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. వైరస్ సోకిన కొత్తలో పరీక్షలో నెగెటివే రావచ్చు, దాన్నే విండో పీరియడ్ అంటారు, యాంటీబాడీ కిట్లలో, అంటే వైరస్‌ని కాక దాని మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను పట్టే కిట్లలో, అది 90 రోజుల దాకా ఉండొచ్చు. ఆ నెగెటివ్‌ని నమ్మి గ్లవ్స్ విషయంలో అశ్రద్ధ చేస్తే సిబ్బందికే ప్రమాదం. ఎవరి రక్తాన్నైనా సోకే రక్తంగానే చూసి జాగ్రత్త పడాలన్నది ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న నియమం, అది పాటిస్తే దొంగచాటు పరీక్షతో పనే లేదు. బలవంతపు పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకోదు. సమ్మతి, గోప్యత, కౌన్సెలింగ్, సరైన ఫలితం, చికిత్సకు చేర్చడం, ఈ ఐదూ ఉండాలంటుంది.

రక్తం తీయడం గురించి చెప్పేదేమీ లేదు, కిట్‌లోని కాగితం చదివి చేయండి.

ఫలితం ఆ మనిషికే, ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోన్‌లో కుదరదు, వెంట వచ్చినవాళ్లకి కుదరదు, పంపించిన యజమానికి అసలే కుదరదు. ఒక్క స్ట్రిప్ మీద రెండో గీత కనబడగానే "మీకు హెచ్ఐవీ ఉంది" అనేయకండి. వరుసగా మూడు వేర్వేరు పరీక్షల్లో రియాక్టివ్ (అంటే వైరస్ ఉన్నట్టు సూచన) వస్తేనే పాజిటివ్ అని నిర్ధారించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పాజిటివ్ అయినా నెగెటివ్ అయినా ఒకే రకం కవరు, అంతే సేపు కూర్చోవడం. నెగెటివ్ వాళ్లని రెండు నిమిషాల్లో పంపేస్తే, గదిలో ఎక్కువసేపు ఉన్నవాళ్లెవరో బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ తెలిసిపోతుంది. కేస్ షీట్ పైన ఎర్ర ఇంకుతో రాసే అలవాటు ఈరోజే మానేయండి.

పాజిటివ్ అని చెప్పాక మాటలు తగ్గించండి. మందులు ఉన్నాయి, రోజూ వేసుకుంటూ వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉన్న వైరస్ మోతాదు, పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగిక సంబంధంతో ఎదుటివాళ్లకి సోకదు, ఈ రెండూ చెబితే ఆ పూటకి చాలు. జీవిత భాగస్వామికి చెప్పే విషయం రెండోసారి వచ్చినప్పుడు మాట్లాడండి. మీకు మీరుగా ఫోన్ చేసి చెప్పకండి. వాళ్లే చెబుతారా, మీ ఎదుట చెబుతారా, మిమ్మల్ని చెప్పమంటారా అని అడగండి. దెబ్బలు పడే భయం ఉందంటే ఆ మాట అక్కడితో ఆపి, ముందు మందులు మొదలుపెట్టించి, తర్వాత ఎప్పుడు రావాలో తేదీ రాసివ్వండి. ఆ చీటీ మీద జబ్బు పేరు రాయొద్దు.