లోగో గీద్దాం – 4: రెండు వృత్తాల్లోంచి ఒక ఆకు

పోయిన పాఠంలో కాగితం మీద ఇరవై చిన్న బొమ్మలు గీసి ఒకటి తేల్చుకోమన్నాను. మొక్కలమ్మే కంపెనీ అనుకుని నేను ఆకు తేల్చుకున్నాను. మీరు ఏది తేల్చుకున్నా ఈసారికి నాతోపాటు ఆకే గీయండి. పద్ధతి చేతికొచ్చాక మీ బొమ్మ సంగతి చూద్దురుగాని.

గింప్ (బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరవగానే చేయి బ్రష్ మీదికి పోతుంది. పోనివ్వకండి. మౌస్‌తో ఎంత నిదానంగా గీసినా వంపు వణుకుతుంది, బొమ్మ పెద్దదైతే ఆ వణుకూ పెద్దదవుతుంది. అందుకని మనం ఏమీ గీయం, వృత్తాల్ని కోస్తాం.

కంట్రోల్ ఎన్ నొక్కి 1600 × 1600 పిక్సెళ్ల కొత్త బొమ్మ తెరవండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ఫిల్ విత్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ పెట్టండి. ఇప్పుడు ఎలిప్స్ సెలెక్ట్ టూల్ తీసుకుని ఎక్కడో ఒకచోట వృత్తం లాగండి. సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు, టూల్ ఆప్షన్లలో అంకెలు దిద్దుకోవచ్చు. పొజిషన్ 0, 300. సైజు 1000, 1000. యాంటీఅలియాసింగ్ (అంచు మెట్లుమెట్లుగా కనబడకుండా చేసేది) ఉండనివ్వండి, ఫెదర్ (అంచును మసకబార్చేది) మాత్రం వద్దు. ఎంటర్ నొక్కండి.

ఈ ఎంటర్ మర్చిపోయి నేనొక సాయంత్రం పాడుచేసుకున్నాను. అది నొక్కకుండా అంకెలు మారిస్తే రెండో వృత్తం రాదు, మొదటిదే జరిగిపోతుంది.

తర్వాత టూల్ ఆప్షన్లలో పైనున్న మోడ్ బటన్లలో నాలుగోది, ఇంటర్‌సెక్ట్, ఎంచుకోండి. మొదటి వృత్తం మీదుగా ఇంకో వృత్తం లాగి అంకెలు ఇలా దిద్దండి: పొజిషన్ 600, 300, సైజు 1000, 1000. ఎంటర్. రెండు వృత్తాలూ ఒకదానిమీదొకటి పడ్డ భాగమే మిగిలింది కదా, అదే మన ఆకు. వెడల్పు సరిగ్గా 400, ఎత్తు 800. ఎత్తు పూర్ణసంఖ్యగా రావడం అదృష్టం కాదు. వ్యాసార్ధం 500, కేంద్రాల మధ్య దూరంలో సగం 300, కాబట్టి ఆకు ఎత్తులో సగం 400. బడిలో చదువుకున్న 3-4-5 త్రిభుజమే ఇది.

ఇక ఈనె. మోడ్‌లో మూడోది, సబ్‌ట్రాక్ట్, పెట్టి రెక్టాంగిల్ సెలెక్ట్‌తో 40 వెడల్పు, 500 ఎత్తు ఉన్న పట్టీని 780, 700 దగ్గర కోయండి. ఎంటర్ నొక్కి, డి నొక్కితే రంగులు నలుపు తెలుపులకు వస్తాయి. ఎడిట్ మెనూలో ఫిల్ విత్ ఎఫ్‌జీ కలర్ నొక్కితే ఆకు నల్లగా నిండుతుంది. ఆకుపచ్చ ఎందుకు కాదంటారా? నలుపులో నిలబడని ఆకారాన్ని రంగు కాపాడదు. రంగుల జోలికి ఇంకో రెండు పాఠాల దాకా వెళ్లం.

ఇమేజ్ మెనూలో కాన్వాస్ సైజు 800 × 800 చేసి, సెంటర్ నొక్కి, రీసైజ్ లేయర్స్ దగ్గర ఆల్ లేయర్స్ ఎంచుకోండి. పెద్దగా చూస్తే ఆకు ముద్దుగానే ఉంటుంది. ఇప్పుడు కంట్రోల్ డితో నకలు తీసి, ఆ నకలును ఫ్లాటెన్ చేసి (ఖాళీ భాగం తెల్లగా నిండుతుంది), స్కేల్ ఇమేజ్‌లో 16 × 16కి కుదించండి. బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే బొమ్మ అంతే ఉంటుంది. జూమ్ చేసి చూడండి: ఈనె ఉండాల్సిన చోట బూడిదరంగు మరక!

లెక్క చూడండి. 800 కాస్తా 16 అయితే 50 పిక్సెళ్లు ఒకటవుతాయి. మన 40 పట్టీ నట్టనడుమ ఉంది కనుక అటు 20, ఇటు 20 చొప్పున రెండు పిక్సెళ్లలో పడింది. ఒక్కోదానిలో తెలుపు 40 శాతమే, మిగతాది నలుపు. తేలేది బూడిదే. అదే పట్టీ 100 వెడల్పుంటే రెండు పిక్సెళ్లూ పూర్తిగా తెల్లబడతాయి. అసలు బొమ్మకొచ్చి, కంట్రోల్ జెడ్‌తో ఆకు సెలెక్షన్ దాకా వెనక్కెళ్లి, పట్టీని 100 వెడల్పుతో 750, 700 దగ్గర మళ్లీ కోయండి. పెద్దగా చూసినప్పుడు ఈనె మరీ లావుగా, కొంచెం మొరటుగా అనిపిస్తుంది. కింది కొస కూడా రెండుగా చీలుతుంది. నాకైతే ఆ చీలికే నచ్చింది, మామూలు ఆకుల్లోంచి దీన్ని వేరుచేసేది అదే.

లోగోలో ఖాళీకి ఉన్న బలం చూడాలంటే ఫెడెక్స్ గుర్తు తెచ్చుకోండి. 1994లో లిండన్ లీడర్ రూపొందించినది. పెద్ద ఈకీ, చిన్న ఎక్స్‌కీ మధ్య బాణం ఎవరూ గీయలేదు, ఖాళీయే బాణమైంది.

నింపేముందు ఒక పని: సెలెక్ట్ మెనూలో టు పాత్ నొక్కండి, ఆకు అంచు పాత్‌గా, అంటే ఒక గీతగా, విడిగా ఉండిపోతుంది. నింపి, కాన్వాస్ కుదించాక పాత్స్ డైలాగ్‌లో ఆ పాత్ మీద కుడి క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ పాత్ అంటే ఎస్‌వీజీ ఫైల్ వస్తుంది. బొమ్మను గీతల లెక్కగా దాచే ఫైల్ కనుక గోడంత బోర్డుకైనా అదే పనికొస్తుంది, పిక్సెళ్లతో కట్టిన పీఎన్‌జీ పనికిరాదు. కాకపోతే సెలెక్షన్‌లోంచి పుట్టిన పాత్‌లో అవసరానికి మించి బిందువులుంటాయి. గీతల బొమ్మలు దిద్దే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పాత్ మెనూలోని సింప్లిఫై ఒకసారి వాడండి. రెండోసారి వాడితే కొసలు మొద్దుబారతాయి.

గింప్ ఫైల్‌ను సేవ్ చేసి, గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్‌గానే ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఈ ఆకు పక్కన కంపెనీ పేరు పెడతాం. ఈలోగా కేంద్రాల దూరం 600 బదులు 800 పెట్టి సన్నటి ఆకు తీయండి. 16 పిక్సెళ్లలో దానికి 100 పట్టీ ఆగుతుందేమో మీరే లెక్క కట్టండి.