క్యాంపుకు వెళ్లేముందు: తిరుపతి ఎన్‌సీసీ కేడెట్లకు జాగ్రత్తలు

– వార్షిక శిక్షణ శిబిరం తేదీలు తెలియగానే ఇంటర్నల్స్, ల్యాబ్ పరీక్షల తేదీలతో సరిచూసుకోండి. రెండూ ఒకేసారి పడితే హెచ్‌ఓడీని (మీ విభాగాధిపతిని) ముందే కలిసి లెటర్ ఇవ్వండి. అందినట్టు ఒక కాపీ మీద సంతకం పెట్టించుకోండి. తిరిగొచ్చాక అడిగితే హాజరు దక్కడం కష్టం.

– చదువు వదలొద్దు. సైన్యంలో ఆఫీసరుగా చేరే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో సీడీఎస్ (ఆఫీసర్ల ఎంపిక కోసం యూపీఎస్‌సీ పెట్టే) రాతపరీక్ష లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ (సైన్యం ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూకే పిలుస్తారు. కానీ డిగ్రీలో 50 శాతం మార్కులు, ఎన్‌సీసీలో పై స్థాయిదైన ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడ్ ఉండాలి. డ్రిల్లు అద్భుతంగా చేసే పిల్లలు బ్యాక్‌లాగ్‌ల వల్ల ఆగిపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

– కొత్త బూట్లతో నేరుగా గ్రౌండులోకి దిగొద్దు. వారం ముందునుంచే మందపాటి సాక్సులు వేసుకుని వాటితో వీధిలో తిరగండి. మడమ వెనక తోలు గట్టిగా ఒరుసుకునే చోటే బొబ్బ లేస్తుంది. లేచిందంటే పరేడ్ వరుసలో నిలబడలేరు.

– ఏప్రిల్, మే ఎండల్లో పరుగు తెల్లవారుజామునే ముగించండి. నీళ్ల బాటిల్ తప్పనిసరి.

– చంద్రగిరి, రేణిగుంట వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు యూనిఫాం ముందురోజు రాత్రే ఇస్త్రీ చేసి పెట్టుకుని, తొందరగా పడుకోండి.