సీ స్లగ్‌ను గుర్తుపట్టాలంటే రంగు కన్నా ముందు మొప్ప చూడాలి

సీ స్లగ్ అంటే సముద్రంలో బతికే, చాలావరకు గుల్ల లేని నత్త. దాని ఫోటో ఒకటి చేతికి రాగానే చాలామంది చేసే పని దాని రంగును పట్టుకొని వెతకడం. నీలం ఒళ్లు, పసుపు గీతలు అని ఫోన్‌లో కొడితే వరసగా బొమ్మలు వస్తాయి, వాటిలో దగ్గరగా కనిపించిన పేరు రికార్డు బుక్కులోకి ఎక్కుతుంది. ఆ పేరు తప్పయ్యే అవకాశమే ఎక్కువ. సీ స్లగ్‌లలో ఒకే జాతి నాలుగు రంగుల్లో ఉండొచ్చు, నాలుగు జాతులు ఒకే రంగులో ఉండొచ్చు. ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలో తెల్లటి ఒంటి మీద ఎర్ర చుక్కలున్న వేర్వేరు జాతులు పక్కపక్కనే బతుకుతున్నాయి. అందుకే మొదట ఆ జీవి ఎక్కడి నుంచి ఊపిరి తీసుకుంటోంది, తలమీద కొమ్ములు ఎట్లున్నాయి, దేనిమీద కూర్చుంది అని చూడాలి. రంగు సంగతి ఆ తర్వాతే. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ కాలేజీల నుంచి ఫీల్డ్ ట్రిప్పుకు విశాఖ పోయే జువాలజీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని రాసిన పద్ధతి ఇది.

ముందు పాత పుస్తకం సంగతి

వరి మళ్లలో, చెరువుల్లో దొరికే పైలా గ్లోబోసా అనే నత్తను ల్యాబ్‌లో అందరూ చూసే ఉంటారు. దాన్ని చెప్పే పాత పుస్తకాల్లో గాస్ట్రోపొడా, అంటే నత్తల తరగతి, మూడు ముక్కలుగా ఉంటుంది: ప్రోసోబ్రాంకియా, ఒపిస్తోబ్రాంకియా, పల్మొనేటా. గుండెకు వెనకవైపు మొప్ప ఉన్న వాటన్నింటినీ కలిపి ఒపిస్తోబ్రాంకియా అని 1848లో మిల్న్-ఎడ్వర్డ్స్ పేరు పెట్టాడు. సీ స్లగ్‌లన్నీ చాలాకాలం ఆ పెట్టెలోనే ఉన్నాయి. డీఎన్‌ఏ పోల్చి చూడటం మొదలయ్యాక అవన్నీ ఒకే పూర్వికుడి సంతతి కాదని తేలింది. 2010లో యోర్గర్, ఆమె సహ పరిశోధకులు చేసిన విశ్లేషణతో ఆ పెట్టె పూర్తిగా విడిపోయింది.

ఇప్పటి లెక్కలో సీ స్లగ్‌లు హెటెరోబ్రాంకియా అనే ఉపవిభాగంలోకి వస్తాయి. అందులో మనకు ముఖ్యమైనవి మూడు శాఖలు. మొదటిది న్యూడిప్లూరా. గుల్ల పూర్తిగా పోయిన స్లగ్‌లకు 1817లో కువియే పేరు పెట్టిన న్యూడిబ్రాంకియా క్రమం, పక్కమొప్ప ఉండే ప్లూరోబ్రాంక్‌లు ఇందులో ఉంటాయి. ఇప్పటిదాకా వర్ణించిన న్యూడిబ్రాంక్ జాతులే దాదాపు మూడు వేలు. రెండోది యుఓపిస్తోబ్రాంకియా: బుడగ గుల్లల సెఫలాస్పిడియా, సీ హేర్‌ల అప్లీసియిడా ఇక్కడివే. మూడోది సాకోగ్లాసా, అంటే నాచు రసం పీల్చే స్లగ్‌లు. ఇవి పోయి నేలనత్తలున్న పాన్‌పల్మొనేటాలో కలిశాయి. వానకాలంలో మన పెరటి గోడల మీద పాకే, వీపు మధ్యలో లేత గీత ఉండే లెవికాలిస్ ఆల్టె కూడా ఆ గుంపుదే. కాబట్టి సాకోగ్లాసాలోని ఆకుపచ్చటి ఎలీసియా అనే సముద్రపు స్లగ్‌కు చుట్టరికం న్యూడిబ్రాంక్ కన్నా మన గోడమీది స్లగ్‌తోనే ఎక్కువ. పైలా మాత్రం కేనోగాస్ట్రోపొడా అనే వేరే కొమ్మ మీద ఉంది. పరీక్షలో మీ సిలబస్ అడిగినట్టే రాయండి. జీవిని గుర్తించేటప్పుడు మాత్రం కొత్త వరసనే వాడండి, లేకుంటే డేటాబేస్‌లలో పాత పేరు కోసం వెతికి ఆగమవుతారు.

ఒడ్డున

గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వరంగల్‌లో ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దింపుతుంది. టికెట్ తీసుకునే ముందే ఆటుపోట్ల పట్టిక చూడాలి. పున్నమి, అమావాస్యలప్పుడు విశాఖలో నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. మిగతా రోజుల్లో అంత దిగదు, రాళ్లు సరిగా బయటపడవు. ఆ తిథికి ఒకట్రెండు రోజులు అటూఇటూ, పగటిపూట నీరు బాగా దిగే సమయం చూసుకొని, దానికి గంట ముందే రాళ్ల దగ్గర ఉండాలి. దిగే నీటితోపాటే కిందికి పోవాలి, నీరు తిరిగిన వెంటనే పైకి వచ్చేయాలి. తెన్నేటి పార్కు కింద ఉన్నట్టి రాతి ఒడ్డు కావాలి, ఇసుక బీచ్‌లో వెతికితే దొరికేది తక్కువ. అరికాలు జారని బూట్లు తప్పనిసరి. నాచు పట్టిన రాయి మీద హవాయి చెప్పులతో నడిస్తే పడిపోతారు.

వెంట తీసుకుపోవాల్సినవి కొంచెమే: లోతు తక్కువున్న తెల్లటి ప్లాస్టిక్ ట్రే, అడుగు నుంచి చూడటానికి పారదర్శకమైన డబ్బా, చిన్న స్కేలు, మెత్తటి పెయింట్ బ్రష్, మాక్రో లెన్స్ ఉన్న ఫోన్. నీటి గుంట అంచుల్లో, స్పాంజిల మీద, హైడ్రాయిడ్‌ల (మొక్కల్లా కనిపించే చిన్న కుట్టే జీవుల) కుచ్చుల్లో, రాళ్ల అడుగున చూడండి. ఎత్తిన రాయిని అదే వైపు, అదే చోట మెల్లగా పెట్టేయాలి. తిప్పి వదిలేస్తే దాని అడుగున ఉన్నవన్నీ ఎండకు చస్తాయి. పగడాన్ని విరవొద్దు, రాతి పగడాలన్నీ వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి.

నీటి బయట ఉన్న స్లగ్ ముద్దలా కనిపిస్తుంది, అప్పుడు తీసిన ఫోటోతో ఏమీ తేలదు. అదే గుంటలోని నీళ్లు ట్రేలో రెండు అంగుళాలు పోసి, బ్రష్‌తో జీవిని అందులోకి జార్చి, రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి. మొప్పలు, కొమ్ములు మెల్లగా విచ్చుకుంటాయి. పైనుంచి, ఎదురుగా తల, కుడి పక్క, డబ్బా అడుగు నుంచి పాదం, ఈ నాలుగు ఫోటోలు కావాలి. కుడి పక్క ఎందుకంటే జననరంధ్రం, ప్లూరోబ్రాంక్‌ల మొప్ప అక్కడే ఉంటాయి. అది మొదట కూర్చున్న స్పాంజినో, నాచునో విడిగా ఒక ఫోటో తీయండి. చాలా జాతులు ఒకటో రెండో రకాల తిండి మీదే బతుకుతాయి, కాబట్టి అది గట్టి ఆధారం.

ఒక్కో ట్రేలో ఒక్క జీవినే పెట్టాలి. ఫిలిడియిడే కుటుంబపు స్లగ్‌లు వదిలే జిగురుకు అదే నీళ్లలో ఉన్న చేపపిల్లలు, రొయ్యలు చచ్చిపోతాయి. బోరు నీళ్లు, బాటిల్ నీళ్లు ట్రేలో అసలు పోయొద్దు. వీటి ఒంట్లోని ద్రవం ఉప్పదనం సముద్రంతో సమానంగా ఉంటుంది, మంచినీళ్లు తగలగానే నీరు లోపలికి చొరబడి ఉబ్బి చస్తాయి. వంట ఉప్పు కలిపిన నీళ్లు కూడా పనికిరావు. బాటిల్‌లో పెట్టుకొని వరంగల్ దాకా తెచ్చే ఆలోచన మానుకోండి. దారిలో ఆక్సిజన్ తగ్గుతుంది, నీరు వేడెక్కుతుంది. బతికి వచ్చినా పెట్టడానికి దాని స్పాంజి ఇక్కడ దొరకదు. ఫోటోలు అయ్యాక తీసిన చోటే వదలాలి.

ఏ వరసలో చూడాలి

మొదటి ప్రశ్న: ఇది అసలు స్లగ్గేనా? రంగురంగుల పాలిక్లాడ్ చదునుపురుగులను సీ స్లగ్ అనుకోవడం అన్నింటికన్నా మామూలు పొరపాటు. చదునుపురుగు కాగితమంత పలచగా ఉంటుంది, వీపు మీద మొప్ప ఉండదు. కొమ్ముల్లా కనిపించేవి ముందంచు మడతలే. స్లగ్‌కు కింద కండగల పాదం, తలమీద విడిగా మొలిచిన రెండు రైనోఫోర్‌లు ఉంటాయి. నీటిలోని వాసనలు పట్టే కొమ్ములు అవి.

స్లగ్గే అని తేలితే వీపు వెనకభాగం చూడండి. ఈకల్లాంటి మొప్పలు గుండ్రంగా నిలబడి, వాటి మధ్యలో పాయువు ఉంటే అది డోరిడ్. బ్రష్ కొసతో మెల్లగా తాకండి. మొప్పలు మొత్తం ఒక గుంటలోకి పోయి మాయమైతే ఒక గుంపు, ముడుచుకున్నా బయటే ఉండిపోతే ఇంకో గుంపు. లోపలికి పోయే వాటిలో ఒళ్లు నునుపుగా, మెరిసే రంగులతో, మాంటిల్ (వీపును కప్పే కండ పొర) అంచు వెంట తెల్లటి గ్రంథులు కనిపిస్తే క్రోమోడోరిడిడే కుటుంబాన్ని చూడండి. స్పాంజిల నుంచి తీసుకున్న విషాన్ని ఆ గ్రంథుల్లో దాచుకుంటాయి. ఒళ్లు గరుకుగా, చదునుగా ఉంటే డిస్కోడోరిడిడే అయ్యే అవకాశం ఎక్కువ. ముడుచుకున్న మొప్పను చూసి "మొప్ప లేదు" అని రాసే తప్పు తరచుగా జరుగుతుంది. గుంట అంచు కనిపిస్తోందా అని ఫోటో పెద్దది చేసి చూడాలి.

వీపంతా వేళ్లలాంటి సెరాటా ఉంటే ఇయోలిడ్ కావచ్చు. ఒక్కో వేలిలోకి జీర్ణగ్రంథి కొమ్మ ఒకటి పోతుంది, అందుకే మధ్యలో ముదురు గీత కనిపిస్తుంది. హైడ్రాయిడ్‌లు, సీ అనిమోన్‌లను తిని వాటి కుట్టే కణాలను సెరాటా కొసల్లో నిల్వ చేసుకుంటాయి. బంగాళాఖాతం ఒడ్డుకు అప్పుడప్పుడు కొట్టుకొచ్చే నీలి గ్లాకస్ కూడా ఇయోలిడే. అది తినేది నీటిమీద తేలే ఫైసేలియా అనే కుట్టే జీవిని, కాబట్టి ఇసుకలో పడి ఉన్నా చేత్తో ముట్టొద్దు. సెరాటా వరసలుగా ఉన్నాయా, గుత్తులుగా ఉన్నాయా, రైనోఫోర్ నునుపా, రింగులు రింగులుగా ఉందా అన్నది చూసి కుటుంబం దాకా పోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొన్ని సాకోగ్లాసాలకూ సెరాటా ఉంటాయి. వాటి రైనోఫోర్‌ను ఎదుటి నుంచి చూడండి. చుట్టిన తునికాకులా పొడుగునా తెరిచిన గాడి ఉండి, జీవి ఆకుపచ్చ నాచు మీద కూర్చుంటే అది సాకోగ్లాసా. ఇయోలిడ్ రైనోఫోర్ లోపల గట్టిగా ఉంటుంది, చుట్ట ఉండదు, నోటి దగ్గర ఇంకో జత మీసాలు ఉంటాయి.

మిగతావి తొందరగా తేలుతాయి. రైనోఫోర్ ఒక కప్పులోంచి మొలిస్తే బోర్నెల్లా, దాని చుట్టాలు. కుడివైపు మాంటిల్‌కు, పాదానికి మధ్య ఒకే మొప్ప దాగి ఉంటే ప్లూరోబ్రాంక్. తలమీద రెండు జతల కొమ్ములు, ఊదా రంగు సిరా అయితే సీ హేర్. గట్టి బుడిపెలు ఉండి వీపు మీద ఎక్కడా మొప్ప లేకపోతే ఫిలిడియిడే, దాని మొప్పలు మాంటిల్ అంచు కింద పక్కల వెంట ఉంటాయి.

ఒక నల్ల డోరిడ్‌తో పరీక్ష

ఈ పద్ధతి ఎంత పనికొస్తుందో డెండ్రోడోరిస్ అనే డోరిడ్ ప్రజాతి (జీనస్) దగ్గర తెలుస్తుంది. రాతి కింద మెత్తటి, నల్లటి, అంచు ముడతలు పడే డోరిడ్ దొరికిందనుకోండి. డెండ్రోడోరిస్ నైగ్రా అని వెంటనే రాసేయొద్దు. డెండ్రోడోరిస్ ఫ్యుమాటా కూడా నల్లగా ఉంటుంది, బూడిద రంగులోనూ, నారింజ ఎరుపులోనూ ఉంటుంది. ఈ రెండూ ఎన్నో ఏళ్లు ఒకదానికొకటిగా నమోదయ్యాయి. మొప్పలు పూర్తిగా విచ్చే దాకా ఆగండి. కొద్ది కొమ్మలే ఉండి, ఒక్కోటి పెద్దగా పరుచుకొని మాంటిల్ అంచు వైపు సాగితే ఫ్యుమాటా. చిన్న చిన్న మొప్పలు చాలా ఉండి, గిన్నెలా పొందికగా నిలిస్తే నైగ్రా. నైగ్రా రైనోఫోర్ కొస తెల్లగా ఉండటం ఇంకో గుర్తు. మొప్ప విచ్చుకోని ఫోటో మాత్రమే ఉంటే ప్రజాతి పేరు దగ్గర ఆపేయాలి. ల్యాబ్‌లో దీని రాడ్యులా (నోట్లోని పళ్ల పట్టీ) కోసం వెతకొద్దు, ఈ ప్రజాతికి రాడ్యులా లేదు. స్పాంజిని కరిగించి పీల్చుకుంటుంది.

పేరు చదవడం

1864లో ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు మన తీరపు న్యూడిబ్రాంక్‌ల మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. వాల్తేరు ఒడ్డున వాటిని సేకరించి పంపింది వాల్టర్ ఎలియట్, అమరావతి శిల్పాలను తవ్వించిన అధికారే. అందులోని రెండు పేర్లు పక్కపక్కన చూడండి. కళింగా ఆర్నేటా ఆల్డర్ & హాన్‌కాక్, 1864. ప్లాటీడోరిస్ ఎలియటై (ఆల్డర్ & హాన్‌కాక్, 1864). రెండోదానికి బ్రాకెట్ ఎందుకంటే వాళ్లు దాన్ని మొదట డోరిస్ ప్రజాతిలో పెట్టారు, తర్వాత ప్లాటీడోరిస్‌లోకి మారింది. కళింగా మొదటి ప్రజాతిలోనే ఉంది కాబట్టి బ్రాకెట్ లేదు. రికార్డులో ఈ బ్రాకెట్ వదిలేసినా, లేనిచోట పెట్టినా పేరు తప్పే.

ప్రజాతులు ఇట్లా మారుతూనే ఉంటాయి. 2012లో జాన్సన్, గోస్లైనర్ డీఎన్‌ఏ ఆధారంగా క్రోమోడోరిస్‌ను విడదీశాక, పాత ఫీల్డ్ గైడ్‌లలో క్రోమోడోరిస్ అని ఉన్న చాలా జాతులు ఇప్పుడు గోనియోబ్రాంకస్. ఏ పేరైనా రాసే ముందు వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో కొట్టి, ప్రస్తుతం చెల్లే పేరేదో చూసుకోండి.

ల్యాబ్ పని ఉంటే

నమూనా సేకరించాలంటే ముందు రాతపూర్వక అనుమతి కావాలి. అది చేతిలో ఉంటే ముందు జీవికి ఇట్లా మత్తు ఇవ్వండి: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, జీవి ఉన్న సముద్రపు నీటిలో అంతే పరిమాణం మెల్లమెల్లగా కలపాలి. ముట్టినా కదలని స్థితికి వచ్చాకే 95 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోయి మొప్ప, కొమ్ములు కనిపించవు. ఒంట్లోని నీటితో ఆల్కహాల్ పలచబడుతుంది కాబట్టి మర్నాడు కొత్తది పోయండి. ఫార్మలిన్ వాడితే డీఎన్‌ఏ పాడవుతుంది. రంగు ఏ ద్రవంలోనూ నిలవదు, అందుకే ఫోటోలు ముందే అయిపోవాలి.

రాడ్యులా కావాలంటే నోటి కండను కోసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే కండ కరిగి పళ్ల పట్టీ మిగులుతుంది. కడిగిన నీళ్లు పారబోసే ముందు మైక్రోస్కోప్ కింద చూడండి, చిన్న రాడ్యులాలు ఎక్కువగా అక్కడే పోతాయి. డోరిడ్‌కు అడ్డువరసకు చాలా పళ్లు, ఇయోలిడ్‌కు ఒకటి లేదా మూడు, సాకోగ్లాసాకు మొత్తం ఒకే నిలువు వరస. డీఎన్‌ఏకు పాదం కొస ముక్క చాలు, జాతిని పోల్చడానికి మామూలుగా చదివేది సీఓఐ అనే జన్యువులోని 658 బేస్‌ల భాగం.

రికార్డులో తేదీ, చోటు, నీటి స్థితి, పొడవు మిల్లీమీటర్లలో, కూర్చున్న ఆధారం, ఏ గుర్తును చూసి ఏ మెట్టు దాకా వచ్చారో రాయండి. ఐనాచురలిస్ట్ యాప్ సూచించే జాతి పేరును నొక్కేయకుండా, మీకు గుర్తులు దొరికిన కుటుంబమో ప్రజాతో ఎంచుకోండి. అసలు ఫోటో ఫైళ్లను విడిగా దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు వివరాలు చెరిగిపోయి, మొప్ప గుంట అంచు కనిపించనంతగా ఫోటో నలిగిపోతుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.