ఎగిరిపోయిన పిట్ట పేరు పట్టుకోవడానికి

"అమ్మా, గోడ మీద ఏదో పిట్ట!" అని పిల్లలు పిలుస్తారు. మనం వెళ్లేసరికి అది ఉండదు, వాళ్లకి గుర్తున్నది "బ్రౌన్ కలర్" ఒక్కటే. రంగు సంగతి వదిలేసి ముందు సైజు అడగండి: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత తోక. ఆఖరున తల మీద గానీ తోక కింద గానీ ఏమైనా కనిపించిందా అని. గోరింక కన్నా కాస్త చిన్నది, నల్ల తల, తోక కింద ఎరుపు అంటే పిగిలిపిట్ట. తీగ మీద కూర్చున్న నల్లపిట్టకి తోక చివర చీలి ఉంటే పసులపోలిగాడు (ఈ పేరు వింటే పిల్లలు ఎలాగూ మర్చిపోరు). వెలుగుకి ఎదురుగా చూసినప్పుడు మాత్రం రంగు గుర్తులు పనిచేయవు, అన్నీ నల్లగానే కనిపిస్తాయి. కాకి అని రాసుకున్నది కోయిల కూడా కావచ్చు.