జాఁ గబేఁ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ వేసుకోవడం

ముందు పేరు. ఈ ఫ్రెంచి నటుడి పేరు చివరి నకారం ముక్కులోకి పోతుంది. అరసున్నాతో రాస్తే సరిపోతుంది.

అనంతపురంలో ఏ మిద్దె మీదో తెర కట్టి చూపించాలంటే రెండు సినిమాలు చాలు: రన్వార్ తీసిన ‘లా గ్రాండ్ ఇల్యూజియోఁ’ (1937), బెకెర్ తీసిన ‘తుషే పా ఓ గ్రిజ్బి’ (1954). నడుమ రెండో ప్రపంచయుద్ధమొచ్చింది. గబేఁ అమెరికా వెళ్లాడు, 1943లో స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో చేరి ట్యాంకు దళంలో పోరాడాడు. తిరిగొచ్చేసరికి జుట్టు నెరిసింది, మునుపటి గిరాకీ పోయింది. రెండో సినిమాతోనే మళ్లీ నిలదొక్కుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు ఈ ముక్క చెప్పండి. లేకపోతే ఇద్దరు వేరే నటులనుకుంటారు.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చూసి తెలుగు చేయొద్దు, ఫ్రెంచి పాఠం తెచ్చుకోండి. ఫ్రెంచిలో ‘తు’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. ఇంగ్లీషులో రెండూ ఒకటైపోతాయి. మొదటి సినిమాలో గబేఁది యుద్ధఖైదీ మరేషల్ పాత్ర, ఊళ్లో మెకానిక్. తోటి ఖైదీ బ్వాల్ద్యో పెద్దింటి దొర. ఇన్నాళ్లు కలిసున్నా ఇంకా ‘మీరు’ ఏంటని మరేషల్ అడిగితే, మా అమ్మనూ భార్యనూ కూడా మీరే అంటానని ఆయన జవాబు. అంతవరకూ ‘నువ్వు’ రాసుకొచ్చారో, ఆ సీనే పోతుంది. తనతో పారిపోయే మరో ఖైదీ రోజెంతాల్‌తో మాత్రం మరేషల్‌ది ‘నువ్వే’. అక్కడ ‘ఏమప్పా’ పడినా అతుకుతుంది.

ఒకసారికి రెండు వరుసలు, వరుసకు ఐదారు మాటలు. వత్తులు కింది వరుసకు తగలకుండా ఎడం పెట్టండి. ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు లిపినీ పట్టే అక్షర సంకేతం) సేవ్ చేయండి, లేదంటే పిచ్చి గుర్తులొస్తాయి. డబ్బాలు కనిపిస్తే మాత్రం ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ పెట్టండి. మొదటి సినిమా చివర్లో అంతా తెల్లటి మంచు, తెల్లక్షరాలు కనబడవు. నల్ల అంచు తప్పనిసరి.

సబ్‌టైటిల్స్ మాటలతో మొదట్లో కుదిరి, పోనుపోను తప్పుతుంటే ఫ్రేముల తేడా. యూరప్ డీవీడీ సెకనుకు 25 ఫ్రేములు, ఫైలు 24కు చేసినదై ఉంటుంది. గంటకు దాదాపు రెండున్నర నిమిషాలు జారుతుంది. మొత్తాన్ని ముందుకో వెనక్కో జరిపితే లాభం లేదు, ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు 24 నుంచి 25కు మార్చాలి.

‘గ్రిజ్బి’లో గబేఁ, స్నేహితుడూ కరకర రస్కులు తిని, పైజమాలు వేసుకుని, పళ్లు తోముకునే ఘట్టంలో మాటలు తక్కువ. అక్కడ వీలైనంతవరకు తెర ఖాళీగా వదిలేయండి.