కరెంటు తిరిగొచ్చిన గంట: డెల్టాలో సర్వర్లు నడిపేవారికి తుఫాను జాగ్రత్తలు

తుఫాను తీరం దాటాక లైన్‌మన్లు ఫీడరుకు, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే లైనుకు, ఛార్జింగ్ ఇచ్చి చూస్తారు. ఎక్కడో కొబ్బరి మట్ట తీగల మీద వాలి ఉంటే ట్రిప్ అవుతుంది. మట్ట తీసి మళ్లీ ఇస్తారు. ఇలా ఒక్క గంటలో నాలుగైదుసార్లు కరెంటు వచ్చి పోతుంది. అమలాపురంలోనైనా, పాలకొల్లు, నరసాపురంలోనైనా ఇళ్లకు నెట్ ఇచ్చేవారి సర్వర్లకు అసలు గండం ఆ గంటలోనే ఉంది. గాలి వీచిన రాత్రి యూపీఎస్ మోసుకొస్తుంది, జనరేటర్ ఆదుకుంటుంది. బ్యాటరీలు ఖాళీ అయ్యాక వచ్చిపోయే కరెంటుకు మాత్రం అడ్డు ఏదీ ఉండదు. డేటాబేస్ లేస్తూ లేస్తూ పడిపోతుంది, లేచిన ప్రతిసారీ రికవరీ మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ గంట కోసమే.

ఏడాదిలో మనకు రెండు గండాలు. జులై నుంచి సెప్టెంబరు వరకు వరద, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాను. వరద చెప్పి వస్తుంది: భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం పెరిగితే ధవళేశ్వరానికి రాబోయేదేమిటో ముందే తెలుస్తుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో, ఏటిగట్టు లోపలి వైపు ఉన్న పాప్‌లలో (చందాదారులకు నెట్ పంచే పరికరాల గదుల్లో) రెండో హెచ్చరిక వరకు ఆగకండి, మొదటి దానికే పరికరాలు పైకెత్తండి. పరికరాలు పేర్చే ఇనుప చట్రమైన రాక్‌లో బరువని బ్యాటరీలను అడుగున పెడతాం, నీరు ముందు తాకేది వాటినే. పాత వరద మరక గోడ మీద ఎంత ఎత్తున ఉందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, దానికి రెండు అడుగుల పైన ఇనుప స్టాండు వేసి బ్యాటరీలనూ ప్లగ్ పాయింట్లనూ అక్కడికి మార్చండి.

వేసవిలోనే చేయాల్సిన పని: రీబూట్

నాలుగు వందల రోజులుగా ఆగకుండా నడుస్తున్న సర్వర్ గొప్ప కాదు, అనుమానించాల్సిన సర్వర్. అది లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. చేత్తో టైప్ చేసి సేవ్ చేయని ఎన్‌ఎఫ్‌టేబుల్స్ (ఫైర్‌వాల్) రూల్స్, రీబూట్ తర్వాత తమంతట లేచేలా ఎనేబుల్ చేయకుండా స్టార్ట్ మాత్రమే చేసిన సర్వీసులు, ఎవరో తీసేసిన డిస్కుకు ఎఫ్‌స్టాబ్‌లో (లేచేటప్పుడు ఏ డిస్కులు కలపాలో రాసి ఉండే ఫైలు) మిగిలిపోయిన లైను, ఇవన్నీ కరెంటు పోయిన రోజునే బయటపడతాయి. ఆ లైనులో, డిస్కు లేకపోయినా ముందుకెళ్లమని చెప్పే నోఫెయిల్ లేకపోతే, సర్వర్‌ను లేపే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మానిటరూ కీబోర్డూ పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడవాల్సి వస్తుంది. మే, జూన్‌లలో ఒక్కో మెషీన్‌నూ తెల్లవారుజామున రీబూట్ చేసి చూడండి. రీబూట్ అంటే కమాండ్ ఇచ్చి వదిలేయడం కాదు. ఒకసారి సరిగ్గా షట్‌డౌన్ చేశాక ప్లగ్ పీకి, పది నిమిషాలు ఆగి పెట్టండి. పాత హార్డ్ డిస్కులు వేడిగా తిరుగుతున్నంత కాలం బాగానే ఉంటాయి, చల్లబడ్డాక కొన్ని లేవవు. దానికి ముందు డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ లాంగ్ టెస్ట్ నడిపి 5, 197, 198 నంబర్ల విలువలు (పాడైన, అనుమానపు సెక్టార్ల లెక్క) చూడండి. 197లో సున్నా కాకుండా ఏదైనా కనిపించిన డిస్కును సీజన్‌లోకి తీసుకెళ్లవద్దు.

ప్లగ్ పీకినప్పుడే మరొకటి తెలుస్తుంది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ పేర్లకు ఐపీ అడ్రసులు చెప్పేది డీఎన్‌ఎస్, మన దగ్గర ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ అన్‌బౌండ్. తేదీ తప్పయితే డీఎన్‌ఎస్ జవాబులు అసలువేనని చెప్పే డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు చెల్లవు, అన్‌బౌండ్ పేర్లు చెప్పదు. పేర్లు తెలియకపోతే గడియారం సరిచేసే క్రోనీకి టైమ్ సర్వర్ దొరకదు, తేదీ సరికాదు. ఒకదానికొకటి ముడిపడి రెండూ అక్కడే ఆగుతాయి. క్రోనీలో కనీసం ఒక టైమ్ సర్వర్‌ను పేరుతో కాక ఐపీ అడ్రస్‌తో రాయండి, గడియారాన్ని ఒక్కసారిగా సరిచేయనిచ్చే మేక్‌స్టెప్ లైను ఉందో లేదో చూడండి. ఆ నాణెం బ్యాటరీని మాత్రం ఎలాగూ మార్చేయండి.

యూపీఎస్ చెప్పేది నమ్మకండి

యూపీఎస్‌ను గమనించే నట్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఎక్కువగా యూపీఎస్ ఇచ్చే లో బ్యాటరీ సంకేతానికే షట్‌డౌన్ కట్టి ఉంచుతారు. మూడేళ్లు దాటిన బ్యాటరీలో ఆ సంకేతానికీ పూర్తిగా పడిపోవడానికీ మధ్య ఒక నిమిషం కూడా ఉండకపోవచ్చు. మీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఆగడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గడియారం పెట్టి కొలవండి. డేటాను మెమరీలో ఉంచే బఫర్ పూల్ పెద్దదైతే నిమిషాలు పడుతుంది. ఆ సమయానికి మూడింతలు మిగిలేలా, ఉదాహరణకు 50 శాతం ఛార్జి దగ్గరే షట్‌డౌన్ మొదలయ్యేలా నట్‌లో ఇగ్నోర్‌ఎల్‌బీ (యూపీఎస్ సంకేతాన్ని పట్టించుకోవద్దనేది), ఓవర్‌రైడ్ (మన హద్దు పెట్టేది) విలువలు పెట్టండి. కావాలని ఆపుతున్నప్పుడు పావుగంట ముందే డర్టీ పేజీల (ఇంకా డిస్కుకు రాయని డేటా) శాతాన్ని సున్నాకు దించితే ఆగడం త్వరగా అయిపోతుంది.

తిరిగి లేవడానికీ షరతు పెట్టాలి. బ్యాటరీ కనీసం 40 శాతం నిండేవరకు అవుట్‌పుట్ ఇవ్వవద్దని చెప్పే సెట్టింగ్ చాలా యూపీఎస్‌లలో ఉంటుంది. అది లేకపోతే బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) డీఎన్‌ఎస్ మెషీన్‌కు కరెంటు రాగానే లేచేలా, డేటాబేస్ మెషీన్లకు ఆగే ఉండేలా పెట్టి, వాటిని ఐపీఎంఐ (దూరం నుంచి మెషీన్‌ను ఆన్ చేసే ఏర్పాటు) నుంచి చేత్తో లేపడం మంచిది. రాత్రి లేచి కూర్చోవాలి, నిజమే. పాడైన డేటాబేస్ (ఇన్నోడీబీ) టేబుల్‌ను బాగుచేయడం కన్నా అది తేలిక.

జనరేటర్ నుంచి లైన్‌కు మార్చే ముందు మల్టీమీటర్‌తో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలవండి. గాలికి న్యూట్రల్ తెగిన చోట 230 వోల్టులు రావాల్సింది 400 దాకా పోతుంది. మూడు ఫేజులూ విడివిడిగా చూశాకే మార్చండి. జనరేటర్‌ను వాన పడుతోందని గది లోపలికి లాగకండి, ఆ పొగ మనిషి ప్రాణం తీస్తుంది.

వాయుగుండం కబురు వచ్చినప్పుడు

అల్పపీడనం వాయుగుండంగా మారిందని వాతావరణ శాఖ చెప్పగానే బ్యాకప్ మొదలుపెట్టాలి. అది తుఫానుగా మారాక మొదలుపెడితే సరిపోదు. లెక్క వేయండి: 2 టెరాబైట్ల డేటాను 100 ఎంబీపీఎస్ మీద పంపితే 44 గంటలు పైనే. రోజూ మార్పులు మాత్రమే పంపే రెస్టిక్ లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముందు నుంచీ నడుస్తుంటే గంటలో అయిపోతుంది. కాపీ ఎక్కడుంది అన్నది కూడా ముఖ్యమే. అమలాపురం సర్వర్ కాపీ కాకినాడలో ఉంటే ఒకే తుఫాను రెండింటినీ ముంచుతుంది, హైదరాబాద్‌కు పంపండి. కాపీలు తీసే ఆర్‌సింక్‌ను డిలీట్ ఆప్షన్‌తో (ఇక్కడ లేనివాటిని అక్కడా తుడిచేది) క్రాన్‌లో, అంటే తనంతట నడిచే పనుల పట్టికలో, పెట్టినవారు ఆ వారం దాన్ని తీసేయండి. ఇక్కడ డిస్కు మౌంట్ కాకుండా ఖాళీ ఫోల్డర్ మిగిలితే, అక్కడి మంచి కాపీని కూడా ఖాళీ చేస్తుంది.

డీఎన్‌ఎస్‌లో రెండు విలువలు చూసుకోండి. హోస్టింగ్‌ను వేరే చోటికి మార్చే ఆలోచన ఉంటే టీటీఎల్‌ను (పాత అడ్రసును బయటి సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పేది) 300కు దించాలి. పాత విలువ 86400 అయితే ఆ మార్పు అందరికీ చేరేసరికి ఒక రోజు పడుతుంది, కాబట్టి ఒక రోజు ముందే దించండి. రెండోది ఎస్‌ఓఏ రికార్డులోని ఎక్స్‌పైర్: అసలు డీఎన్‌ఎస్ సర్వర్ (ప్రైమరీ) అందకపోతే దాని కాపీ అయిన సెకండరీ ఎన్ని సెకన్లు జవాబివ్వాలో చెప్పేది. బయట ఊళ్లో సెకండరీ ఉందన్న ధైర్యంతో చాలామంది దాన్ని చూడరు. అది 86400 ఉంటే ప్రైమరీ పోయిన మర్నాడే సెకండరీ కూడా జవాబివ్వడం మానేస్తుంది. 1209600, అంటే రెండు వారాలు పెట్టండి. మీ చందాదారుల కోసం అన్‌బౌండ్‌లో సర్వ్-ఎక్స్‌పైర్డ్ పెడితే బయటి లింకు అదురుతున్నప్పుడు పాత జవాబులతోనైనా నెట్టుకొస్తుంది. మీ మెయిల్ సర్వర్ ఆగినా వచ్చే మెయిల్ గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. పంపే సర్వర్లు చాలావరకు కొన్ని రోజులు ప్రయత్నిస్తూనే ఉంటాయి.

కోనసీమ చుట్టూ నీళ్లే. బయటకు వెళ్లే ఏ ఫైబరైనా ఎక్కడో ఒకచోట పాయ దాటాలి: ఉదాహరణకు గౌతమి మీద రావులపాలెం, జొన్నాడ దగ్గరో, వశిష్ఠ మీద చించినాడ దగ్గరో. రెండు కంపెనీల దగ్గర రెండు లింకులు కొన్నామంటే రెండు దారులున్నట్టు కాదు. రెండూ ఒకే వంతెన మీదుగా, ఒకే కాలువ గట్టు వెంట ఉన్న స్తంభాలకే వేలాడుతుండవచ్చు. బండి వేసుకుని దారంతా వెళ్లి చూసి, కాగితం మీద గీసుకోండి. ఆ కాగితం మీదే పాస్‌వర్డులు, అప్‌స్ట్రీమ్ (మనకు నెట్ ఇచ్చే కంపెనీ) ఫోన్ నంబర్లు, ఐపీల పట్టిక కూడా రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. సెల్ టవర్లకూ బ్యాటరీలే దిక్కు, కొన్ని గంటల తర్వాత ఫోన్‌లో వెతకడం కుదరదు.

లేపే వరుస

ఈ వరుస తప్పితే అన్నీ బాగున్నా చందాదారులకు నెట్ రాదు. ముందు స్విచ్‌లు, తర్వాత డీఎన్‌ఎస్, టైమ్. తర్వాత డేటాబేస్, దాని మీద చందాదారుల లాగిన్లను సరిచూసే ఫ్రీరేడియస్ (రేడియస్). అవి నిలబడ్డాకే ఇళ్ల రూటర్లు లాగిన్ అయ్యే పీపీపీఓఈ సర్వర్, చివరగా ఇళ్లకు వెళ్లే ఫైబర్లు కలిసే ఓఎల్‌టీలు. పీపీపీఓఈ సర్వర్ రేడియస్ కన్నా ముందు లేస్తే, 'నేను కొత్తగా మొదలయ్యాను' అని అది పంపే అకౌంటింగ్-ఆన్ ప్యాకెట్ వినేవాడు లేక పోతుంది. పాత సెషన్లు రాడ్‌అక్ట్ అనే లాగిన్ల లెక్కల టేబుల్లో ముగింపు సమయం లేకుండా మిగిలిపోతాయి. సైమల్టేనియస్-యూజ్ (ఒకేసారి ఎన్ని లాగిన్లు ఉండొచ్చో చెప్పేది) 1గా పెట్టిన ప్రతి చందాదారుకూ 'ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారు' అనే జవాబే వస్తుంది. సెషన్ ఇంకా నడుస్తోందని చెప్పే ఇంటరిమ్ అప్‌డేట్ పది నిమిషాలకు ఒకసారి వస్తుంటే, అరగంటగా కదలని సెషన్లను చివరి అప్‌డేట్ సమయంతో మూసేయండి. ఇప్పటి సమయం వేస్తే కరెంటు లేని రెండు రోజులూ వాళ్ల వాడకంలో కలుస్తాయి. టేబుల్‌ను డంప్ తీశాకే ముట్టుకోండి.

ఓఎల్‌టీలన్నీ ఒకేసారి ఆన్ చేస్తే వేల ఇళ్ల రూటర్లు ఒక్కసారిగా తలుపు తడతాయి. రేడియస్ జవాబు కొన్ని సెకన్లు ఆలస్యమైతే పీపీపీఓఈ సర్వర్ మళ్లీ అడుగుతుంది. రేడియస్ మాత్రం పాత ప్రశ్నకే జవాబు వెతుకుతూ ఉంటుంది. లోడ్ పెరుగుతుంది, లాగిన్లు మాత్రం ఉండవు. ఓఎల్‌టీ మీది పాన్ (ఫైబర్) పోర్టులు ఒక్కొక్కటిగా తెరవండి, లాగిన్ల సంఖ్య నిలకడగా పెరుగుతోందని చూశాకే తర్వాతది. పీపీపీఓఈకి యాక్సెల్-పీపీపీ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఒకేసారి వచ్చే లాగిన్లకు హద్దు పెట్టే పాడీ-లిమిట్, మ్యాక్స్-స్టార్టింగ్ ముందే పెట్టుకుంటే ఆ పని అదే చేస్తుంది. రాడ్‌అక్ట్‌లో పాత నెలల వరుసలను సీజన్‌కు ముందే వేరే టేబుల్‌కు తరలించండి. లాగ్‌లను మాత్రం తుడవకండి: కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 180 రోజులవి దేశంలోనే ఉంచాలి.

తెగిన డ్రాప్ కేబుల్ (స్తంభం నుంచి ఇంటికి వెళ్లే తీగ) కోసం ఎవరినీ వెంటనే స్తంభం ఎక్కించకండి. విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామన్న మాట) ఇచ్చారని మీ చెవులతో విన్నాకే ఎక్కించండి. పక్కింటి జనరేటర్ నుంచి ఎదురు కరెంటు కూడా రావచ్చు.

తడిసిన స్విచ్‌ను ఫ్యాన్ కింద ఆరబెట్టి వెంటనే ఆన్ చేయకండి. సముద్రపు గాలి తగిలిన బోర్డు మీద ఉప్పు పొర నిలుస్తుంది, తేమతో కలిసి అదే షార్ట్ చేస్తుంది. మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి, రెండు రోజులు పూర్తిగా ఆరాక పెట్టండి. అప్పటికి టీటీఎల్‌ను పాత విలువకు పెంచారా, తీసేసిన క్రాన్ లైన్లు తిరిగి పెట్టారా అని కూడా చూడండి.